వెయ్యి పేజీల భయాన్ని ఎక్కడ కోయాలి?

విశాఖపట్నంలో గట్టి వాన పడితే ముందుగా చప్పుడు చేసేవి గెడ్డలు. కొండల మీద కురిసిన నీళ్లు కాలనీల మధ్యనుంచి, ఇళ్ల వెనకనుంచి, రోడ్ల అడుగునుంచి ఉరుక్కుంటూ వచ్చి సముద్రంలో కలుస్తాయి. మామూలు రోజుల్లో ముక్కు మూసుకుని దాటే మురుగుకాలవ ఆ రెండు మూడు గంటలూ ఏరవుతుంది. పైన పలకలు పరిచిన చోట నీళ్లు కనిపించవు, హోరు మాత్రం కాళ్ల కింద వినిపిస్తుంది. కాగితం పడవ వదిలిన పిల్లలు దాని వెంట పరిగెత్తుకుంటూ వచ్చి, పలకలు మొదలయ్యే చోట ఆగిపోతారు. వంగి లోపలికి చూస్తారు. ఇంట్లోంచి ఎవరో ఒకరు కేకేస్తారు: “అక్కడికెళ్లకు, లోపలికి లాగీస్తాది!” ఏది లాగేస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు.

1986లో వెలువడిన స్టీఫెన్ కింగ్ నవల ‘ఇట్’ మొదలయ్యేది ఇలాంటి చోటే. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో డెరీ అనే కల్పిత ఊరు. 1957 చివర్లో వానలు, వరద. జ్వరంతో మంచం పట్టిన అన్న బిల్ న్యూస్‌పేపరుతో పడవ చేస్తాడు. నీళ్లకు నానిపోకుండా దానికి మైనం పూయాలి. ఆ మైనం డబ్బా ఇంటి అడుగున చీకటి సెల్లార్‌లో ఉంది. ఆరేళ్ల తమ్ముడు జార్జి వెళ్లి తేవాలి. తలుపు దగ్గర నిలబడి, లోపలికి చూడకుండా చెయ్యి మాత్రం చాపి స్విచ్చి కోసం తడుముకుంటాడు. ఆ చేతిని లోపలినుంచి ఏదైనా పట్టుకుంటుందేమోనని వాడి భయం. ఏదీ పట్టుకోదు. సెల్లార్‌లో ఏమీ జరగదు కూడా. కానీ ఆ తర్వాత వాడు పసుపు రెయిన్‌కోటు వేసుకుని పడవ వెంట పరిగెత్తి, రోడ్డు పక్క తూము దగ్గర వంగినప్పుడు, చదివేవాళ్ల చెయ్యి అప్పటికే ఒకసారి చీకట్లోకి వెళ్లి వచ్చి ఉంటుంది. తూములో కాచుకుని ఉన్నది జోకర్ వేషంలో పిల్లల్ని చంపే రాక్షసి. 1958 వేసవిలో బిల్, బెవర్లీ, ఎడ్డీ, మైక్‌లతో కలిపి ఏడుగురు పిల్లలు దాన్ని ఎదిరిస్తారు. అంతా మరచిపోయి పెద్దవాళ్లైపోయాక, 1985లో అది మళ్లీ వస్తుంది.

2017లో వచ్చిన సినిమాలో సెల్లార్ ఉంది, తూము కూడా ఉంది. రెండూ బాగా తీశారు. అయితే నవలలో వాటికి ముందు ఒక వాక్యం ఉంది, అది సినిమాలో లేదు. ఈ భయం ఇంకో 28 ఏళ్లదాకా ముగియదనీ, అసలు ముగిసిందో లేదో కూడా చెప్పలేమనీ పుస్తకం మొట్టమొదటి వాక్యంలోనే కథకుడు చెప్పేస్తాడు. అంటే పడవ నీళ్లలో పడకముందే 1957 ఒక చివర, 1985 ఇంకో చివర పట్టుకుని నవల తాడు పేనడం మొదలుపెట్టింది. పెద్ద హారర్ నవలను రెండు మూడు సినిమాలుగా తీయాలనుకున్నవాళ్లు తేల్చుకోవాల్సింది ఈ తాడు గురించే. కోత ఎక్కడో ఒకచోట పడక తప్పదు. పడేది తాడుకి అడ్డంగానా, లేక పోగులు విడదీసి ఒక్కో సినిమాకి ఒక్కో పోగు ఇవ్వడమా?

ముందు లెక్క చూడాలి. ఆ నవల తొలి ముద్రణ 1,138 పేజీలు. ఆడియో పుస్తకంగా వింటే దాదాపు 45 గంటలు. 2017 సినిమా 135 నిమిషాలు, 2019లో వచ్చిన రెండో భాగం 169 నిమిషాలు. కలిపితే 5 గంటల 4 నిమిషాలు. పుస్తకంలో తొమ్మిదో వంతు మాత్రమే తెర మీద పడుతుంది. అదే పద్ధతిలో మొత్తం ఎక్కించాలంటే పద్దెనిమిది సినిమాలు తీయాలి. కాబట్టి ‘అన్నీ పెట్టాలి’ అనే అభిమానుల కోరిక మొదట్లోనే పక్కకు పోతుంది. ఏవి వదిలేయాలన్న ప్రశ్న ఒక్కటే మిగులుతుంది.

ఇక్కడ హారర్‌కి మిగతా కథలకి లేని చిక్కు ఒకటుంది. డిటెక్టివ్ నవల పొడుగ్గా ఉంటే అందులో ముడులు ఎక్కువని అర్థం. నాలుగు ముడులు తగ్గించినా కథ నిలబడుతుంది. చారిత్రక నవలలో పాత్రలు, యుద్ధాలు, ఎత్తులు ఎక్కువ. కొన్నిటిని కలిపేయొచ్చు. హారర్ నవలలో పొడవు చేసే పని వేరు. అది పాఠకుణ్ణి ఒక ఇంటికి, ఒక వీధికి, కొందరు మనుషులకు మచ్చిక చేస్తుంది. ఎడ్డీ తల్లి వాడికి లేని జబ్బుకి మందులెలా మింగిస్తుందో, బెవర్లీ ఇంట్లో తండ్రి గొంతు మారితే ఆ పిల్ల ఎలా బిగుసుకుపోతుందో వందల పేజీలు చదివాక, ఆ ఇంటి బాత్రూం తూములోంచి గొంతు వినిపిస్తే ఒళ్లు జలదరిస్తుంది. అదే సంఘటన పదో నిమిషంలో వస్తే కుర్చీలో ఉలిక్కిపడతారు, అంతే. ఉలికిపాటు కొనడం సినిమాకి తేలిక. ఒక పెద్ద శబ్దం చాలు. మచ్చిక కొనాలంటే సమయం చెల్లించాలి, సినిమా దగ్గర లేనిది అదొక్కటే. కాబట్టి ‘కథకి అవసరం లేని సీను’ అని హారర్ నవలలో కొట్టేసే ప్రతి పేజీ దగ్గరా ఒకసారి ఆగి చూడాలి. సెల్లార్ సీను కథకి అవసరం లేదు మరి.

ఈ నవలను మొదట 1990లో ఏబీసీ టీవీలో రెండు రాత్రుల కార్యక్రమంగా తీశారు. ఖర్చు తక్కువ, టీవీ కట్టుబాట్లు ఎక్కువ, చివర్లో ఆ రాక్షసి ఎత్తే సాలెపురుగు రూపం ఇవాళ చూస్తే బొమ్మలా ఉంటుంది. టిమ్ కరీ వేసిన జోకర్ వేషం మాత్రం ఒక తరాన్ని నిద్రపోనివ్వలేదు. అయినా ఆ మొదటి రాత్రి చేసిన పని ఒకటి తర్వాత వచ్చిన పెద్ద సినిమా చేయలేదు. ఊళ్లోనే ఉండిపోయిన మైక్, పెద్దవాళ్లైపోయి దూరదూరాల్లో స్థిరపడిన ఆరుగురు మిత్రులకి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాడు. ఫోన్ మోగిన ప్రతిసారీ ఆ మనిషి మొహం మీదినుంచి చిన్నతనంలోకి వెళతాం. పిల్లవాడి భయమూ, నలభైకి దగ్గరపడ్డ మనిషి మరచిపోయిన భయమూ పక్కపక్కనే కనిపిస్తాయి. రెండో రాత్రికి వచ్చేసరికి ఆ పద్ధతి సన్నబడింది, మిగిలింది పెద్దవాళ్ల కథ. రెండో రాత్రి బలహీనమైందని చూసినవాళ్లు చాలామంది అంటారు. కారణం సాలెపురుగు ఒక్కటే కాదు.

తర్వాత సినిమాగా తీయాలనుకున్నప్పుడు దర్శకుడు కెరీ ఫుకునాగా కూడా రెండు భాగాలే అనుకున్నాడు. 2015లో ఆయన తప్పుకున్నాక ఆండీ ముస్కియెట్టీ చేతికి వచ్చింది. కోత స్పష్టంగా వేశారు: మొదటి సినిమాలో పిల్లలు మాత్రమే, రెండో దాంట్లో పెద్దవాళ్లు. 1958ని 1989 చేశారు, పెద్దవాళ్ల కథ 27 ఏళ్ల తర్వాత, 2016లో జరుగుతుంది. వ్యాపారంగా చూస్తే ఇది తెలివైన పని. మొదటి సినిమా ఆడకపోయినా అదొక్కటే పూర్తి కథగా నిలుస్తుంది. ఏడుగురు పిల్లలు, ఒక వేసవి, ఒక గెలుపు. అందుకే సినిమా అయిపోయి పేరు మళ్లీ పడినప్పుడుగానీ ఇది ‘మొదటి అధ్యాయం’ అని ప్రేక్షకుడికి చెప్పలేదు. ప్రపంచమంతా కలిపి సుమారు 70 కోట్ల డాలర్లు వసూలు చేసింది.

ఆ సినిమా బాగుందని ఒప్పుకోవాలి. పిల్లల మాటల్లో, బూతుల్లో, సైకిళ్ల మీద తిరుగుడులో నిజం ఉంది. కానీ దాని విజయమే రెండో సినిమాకి గొయ్యి తవ్వింది. పిల్లల కథ మొత్తం ఖర్చయిపోయింది. మిగిలింది జ్ఞాపకం గురించిన సగం. ఆ జ్ఞాపకం దేని గురించో ప్రేక్షకుడికి ముందే తెలుసు, రెండేళ్ల కిందట టిక్కెట్టు కొని చూశాడు. తెర మీద పెద్ద బిల్, పెద్ద బెవర్లీ ‘ఏం జరిగిందో గుర్తు రావడం లేదు’ అంటుంటే, హాల్లో కూర్చున్నవాళ్లు ‘మాకు గుర్తుంది కదా’ అనుకుంటారు. నవలలో అలా జరగదు. పెద్దవాళ్లకి ఎంత గుర్తొస్తే పాఠకుడికీ అంతే తెలుస్తుంది. వాళ్లతో పాటే తలుపు తెరుస్తాం. చివరికొచ్చేసరికి 1958లో మొదలైన వాక్యం మధ్యలో ఆగి, 1985లో పూర్తవుతుంది. చిన్నప్పటి సొరంగంలో వేసిన అడుగు పెద్దయ్యాక వేసిన అడుగులో కలిసిపోతుంది. తెలుగులోనో ఇంగ్లీషులోనో హారర్ నవలలు విరివిగా చదివినవాళ్లు కూడా ఆ భాగం దగ్గర పుస్తకం కింద పెట్టలేరు.

2019 సినిమా ఈ లోటు తెలిసే తీసినట్టుంది. అందుకే పిల్లలతో కొత్త సీన్లు రాసి మధ్యమధ్యలో పెట్టారు. ఈలోపు పిల్లలు ఎదిగిపోయారు. గొంతులు మారాయి, ఎత్తు పెరిగారు. కంప్యూటర్ మీద మొహాలు చిన్నవి చేయాల్సి వచ్చింది. పైగా ఒక్కో పెద్ద మనిషి ఒంటరిగా ఊరు తిరిగి తన చిన్ననాటి వస్తువు ఒకటి వెతికి తేవాలనే ఏర్పాటు చేశారు. ఒకరు వెళతారు, పాత జ్ఞాపకం వస్తుంది, దెయ్యం వస్తుంది, తప్పించుకుంటారు. తర్వాత ఇంకొకరు. మూడోసారికి ఎప్పుడు ఏమవుతుందో ప్రేక్షకుడు గడియారం చూసి చెప్పగలడు. వసూళ్లు 47 కోట్ల డాలర్ల దగ్గర ఆగాయి. అది చిన్న మొత్తమేమీ కాదు, అయినా మొదటిసారి చూసినవాళ్లలో చాలామంది రెండోసారి రాలేదన్నది నిజం.

ఇంతకన్నా పెద్ద మార్పు ఆఖర్లో ఉంది. నవలలో గెలిచాక వాళ్లు మళ్లీ మరచిపోతారు. ఒకరి పేరు ఒకరికి జారిపోతుంది, మైక్ తన డైరీలోని అక్షరాలే వెలిసిపోవడం చూస్తాడు. రాక్షసి చచ్చినా స్నేహం మిగలదు. నవలలో అన్నిటికన్నా భయంకరమైన పేజీలు బహుశా అవే. సినిమాలో వాళ్లకి అంతా గుర్తుంటుంది. హాయిగా ఉంటుంది ఆ ముగింపు. పిల్లల సినిమాని, పెద్దవాళ్ల సినిమాని విడదీసిన రోజే మరపు అనేది కథలోంచి జారిపోయింది కాబట్టి, చివర్లో దాన్ని తిరిగి తేవడానికి వాళ్లకి దారి కూడా లేకపోయింది.

పోయింది అదొక్కటే కాదు, ఊరు కూడా పోయింది. నవల ఐదు భాగాలు. భాగానికీ భాగానికీ మధ్య మైక్ రాసిపెట్టిన ఊరి చరిత్ర వస్తుంది. నల్లజాతి సైనికుల క్లబ్బుని తగలబెట్టిన రాత్రి, దొంగల ముఠాను ఊరంతా కలిసి నడిబజార్లో కాల్చేసిన మధ్యాహ్నం. అవి చదివాక అర్థమవుతుంది: జోకర్ ఈ ఊరికి బయటినుంచి వచ్చి పీడించడం లేదు. చూసీ చూడనట్టు తల తిప్పుకునే మనుషుల మధ్య అది హాయిగా బతుకుతోంది. సినిమాలకి ఈ పేజీలు ‘కథకి అవసరం లేని’ పేజీలు అయ్యాయి. వదిలేసిన ఆ సరుకే తర్వాత ఒక టీవీ సిరీస్ అయింది. 2025 అక్టోబరులో హెచ్‌బీఓలో మొదలైన ఎనిమిది ఎపిసోడ్ల కథ 1962లో, అంటే సినిమాల లెక్కలో ఇంకో 27 ఏళ్లు వెనక జరుగుతుంది. రెండు సినిమాల్లో పట్టనిది చివరికి ఎనిమిది గంటలు అడిగి తీసుకుంది. కింగ్ రాసిన ‘డార్క్ టవర్’ నవలల వరసని 2017లోనే 95 నిమిషాల ఒక్క సినిమాలో కుదించారు. దాని గురించి ఇంతకుమించి చెప్పాల్సింది లేదు.

తెలుగువాళ్లకి ఈ కోత కొత్త కాదు. ముక్కలుగా భయపడటం వారపత్రికలు ఎప్పుడో అలవాటు చేశాయి. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. అద్దె పుస్తకాల షాపుల్లో ఇప్పటికీ అక్కడక్కడ కనిపించే పాత బైండు పుస్తకాలు ఒకసారి చేతిలోకి తీసుకుని చూడాలి. వారం వారం పత్రికలోంచి పేజీలు చింపి, వరసగా పేర్చి, దారంతో కుట్టించి, అట్ట వేయించినవి. ఒక పేజీలో చిన్నపాప మంచం మీద గిలగిలలాడుతుంటుంది, వెనకపేజీలో తలనూనె ప్రకటన. ప్రతి వారం భాగం చివర ‘ఇంకా ఉంది’. ఆ రెండు మాటల చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టినవాళ్లు, పక్కన తేదీ వేసుకున్నవాళ్లు ఉన్నారు. వారం రోజుల ఎదురుచూపు కూడా కథలో భాగమే. బైండు చేయించుకుని ఒక్క రాత్రిలో చదివినవాళ్లకి దొరికిన భయం వేరు, ఏడు రాత్రులు మంచం కింద చూసుకుని పడుకున్నవాళ్లకి దొరికింది వేరు.

తులసిదళానికి ఇంకో గుణం ఉంది. పాపని పట్టింది చేతబడా, జబ్బా? ఒకవైపు డాక్టరు, హిప్నాటిజం. ఒకవైపు మంత్రగాడు. రెండు ప్రయత్నాలూ ఒకేసారి సాగుతాయి. చివరికి ఏది పనిచేసిందో రచయిత తేల్చడు. సీరియల్ పాఠకుడు వారమంతా దాని మీద ఇంట్లో వాదించుకునేవాడు. సినిమా వరకూ వస్తే, ఆ కథ తరువాయి ‘తులసి’ ఆధారంగా 1986లో ‘కాష్మోరా’ వచ్చింది. పేరులోనే క్షుద్రశక్తి కూర్చుంది. రెండు దారుల మధ్య ఊగిన అనుమానం తెర మీదికి రావడం ఎంత కష్టమో ఆ పేరే చెబుతుంది. అక్షరాల్లో ‘నీడ కదిలినట్టుంది’ అని రాయొచ్చు. కెమెరా ముందు నీడ కదిలిందో లేదో తేల్చి తీరాలి. ఇదే కథ ఇవాళ రెండు భాగాల సినిమాగా తీస్తే, మొదటి భాగం ముగిసే లోపు ప్రేక్షకుణ్ణి ఏ వైపూ మొగ్గనివ్వకూడదు. ఏడాది పాటు జనం వాదించుకోవాలి. అప్పుడే ‘ఇంకా ఉంది’కి అర్థం.

వారపత్రిక నవలను రెండు సినిమాలుగా కోసిన పనికి దగ్గర్లో దొరికే మంచి ఉదాహరణ హారర్ కాదు. తమిళ రచయిత కల్కి 1950 నుంచి 1954 వరకు రాసిన ఐదు సంపుటాల ‘పొన్నియిన్ సెల్వన్’ని మణిరత్నం 2022లో, 2023లో రెండు భాగాలుగా తెచ్చాడు. రెండూ ఒకేసారి చిత్రీకరించారు కాబట్టి నటుల వయసు గొడవ రాలేదు. మొదటి భాగం చివర ఓడ మునిగి రాకుమారుడు నీళ్లలోకి పోయాక, నీటి అడుగునుంచి ఒక వృద్ధురాలు వస్తుంది. ఆమె మొహం, చోళుల మీద పగబట్టిన నందిని మొహం. ఆ ఒక్క మొహంతో అప్పటిదాకా చూసిన కథంతా తిరగబడుతుంది. సంపుటాల లెక్క ప్రకారం కోయలేదు, యుద్ధం దగ్గరా కోయలేదు. తెలిసిందనుకున్నది తెలియదని తేలిన చోట కోశారు. హారర్‌వాళ్లు అరువు తెచ్చుకోవాల్సిన పద్ధతి ఇది. తెలుగులో దెయ్యం సినిమాల వరసలు ఉన్నాయి గానీ అవి నవలని కోసినవి కావు. ‘రాజుగారి గది’ పేరుతో 2015, 2017, 2019ల్లో మూడు సినిమాలొచ్చాయి, మూడు కథలూ వేరు.

ఇంకొకటుంది, మన హాళ్లలో ఇంటర్వెల్. జగదాంబ జంక్షన్‌లో ఏ హాల్లో చూసినా హాలీవుడ్ సినిమాకి కూడా ఎక్కడో ఒకచోట లైట్లు వేస్తారు. దర్శకుడు ఊహించని చోట, 169 నిమిషాల చీకటి మధ్యలో సమోసా వాసన. మన సినిమా అయితే ఆ విరామాన్ని ముందే లెక్క కట్టుకుని రాస్తుంది. రెండు భాగాల తెలుగు హారర్ అంటే నాలుగు సగాలు, మూడు ఆగుళ్లు. రెండు ఆగుళ్లు పావుగంటవి, ఒకటి ఏడాదిది. వాటిని ఒకే రకంగా రాస్తే పొరపాటు. పావుగంట ఆగుడుకి ఒక పేలుడు, ఒక శవం, తలుపు తెరుచుకోవడం లాంటిది చాలు, జనం మళ్లీ సీట్లలోకి వస్తారు. ఏడాది ఆగుడుకి పేలుడు పనికిరాదు. ఏడాది తర్వాత శబ్దం గుర్తుండదు, సందేహం గుర్తుంటుంది.

ఇదంతా విశాఖకి తెచ్చి ఒక ఊహ చేసి చూస్తే సంగతి తేటపడుతుంది. ఈ ఊరి మీద వెయ్యి పేజీల హారర్ నవల ఒకటి ఉందనుకుందాం. అందులో రెండు చీకట్లు. మొదటిది 1971 డిసెంబరు 3. యుద్ధం రోజులు, బ్లాకౌట్. వన్‌టౌన్ ఇళ్లలో కిటికీలకు నల్ల కాగితాలు, లాంతరు చుట్టూ గుడ్డ. సముద్రం వైపు చుక్క వెలుగు పడకూడదు. అర్ధరాత్రి దాటాక సముద్రంలో పేలుడు, కిటికీ అద్దాలు అదురుతాయి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన రాత్రి అది. రెండోది 2014 అక్టోబరు 12, హుద్‌హుద్. ఈసారి ఎవరూ దీపాలు ఆర్పలేదు, కరెంటే పోయింది, రోజుల తరబడి రాలేదు. తెల్లారి చూస్తే కొండల మీద ఆకన్నది లేకుండా నిప్పంటుకున్నట్టు మాడి ఉన్నాయి. 1971లో పదేళ్ల పిల్లలు 2014లో 53 ఏళ్లవాళ్లు. మధ్యమధ్యలో ఊరి చరిత్ర పేజీలు కావాలంటే 1942 ఏప్రిల్ 6 ఉంది. జపాన్ విమానాలు హార్బర్ మీద బాంబులు వేసినప్పుడు జనం ఊరు ఖాళీ చేసి పోయారు. ఇంకా వెనక్కి పోతే భీమిలిలో డచ్చివాళ్ల సమాధులున్నాయి.

కథ: ఐదుగురు పిల్లలు. ఆ బ్లాకౌట్ రాత్రి ఒకడు గెడ్డ పలకల కిందికి దిగాడు, తిరిగి రాలేదు. తెల్లారాక ఊరంతా సముద్రం గురించి మాట్లాడుకుంది. వాడి గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. మిగతా నలుగురిలో ముగ్గురు ఊరు వదిలి వెళ్లారు, ఒకామె ఉండిపోయింది. వెళ్లినవాళ్లని వెనక్కి పిలిచే పనిలోనే ఊరు కథని మార్చేస్తుంది. డెరీలో మైక్ ఫోన్లు చేశాడు. హుద్‌హుద్ తర్వాత విశాఖలో ఫోన్లు పనిచేయలేదు. ఇక్కడ ఆమె పిలవలేదు. టీవీలో ఊరి చీకటి చూసి, ఎందుకో తెలియకుండా వాళ్లే బయల్దేరి వస్తారు. పిలుపు లేకుండా రావడం పిలిస్తే రావడం కన్నా భయంగా ఉంటుంది. పరాయి నవలలోని ఫోన్ సీనుని అలాగే తెచ్చి పెట్టుకుంటే ఇది చేతికి దొరికేది కాదు.

నిర్మాతకి మొదట తోచే కోత ఏదో తెలుసు. ఒకటో భాగం 1971: పిల్లలు, జలాంతర్గామి, పాత ఊరి సెట్టు. రెండో భాగం 2014: తుఫాను, గ్రాఫిక్స్. ట్రైలర్లు కూడా వాటంతటవే తయారవుతాయి. కానీ అలా కోస్తే 2019లో జరిగిందే మళ్లీ జరుగుతుంది. 2014 చీకట్లో కూర్చున్న ఆమెకి ఏం గుర్తు రావాలో హాల్లో అందరికీ ముందే తెలిసిపోయి ఉంటుంది.

వేరే కోత ఉంది. రెండు రాత్రులూ రెండు భాగాల్లోనూ ఉండాలి. వాళ్లు గుర్తుంచుకోవడానికి ఒప్పుకున్నంత మేరకే మొదటి భాగం. అందులో 1971 రాత్రి నలుగురూ నలభై ఏళ్లుగా చెప్పుకుంటున్న పద్ధతిలో కనిపిస్తుంది. వాడు తనంతట తనే దిగాడు, చేతిలో టార్చిలైటు ఉంది, దూరంగా పలకల సందుల్లోంచి ఆ వెలుగు కదిలింది, ఉన్నట్టుండి ఆరిపోయింది, అంతలో పేలుడు. ఇంటర్వెల్ అక్కడ. లోపల ఏముందో చూపించక్కర్లేదు. టార్చి ఆరడం చాలు. రెండో భాగంలో అదే రాత్రి మళ్లీ వస్తుంది, ఈసారి శబ్దంతో. మొదటి భాగంలో గాలి హోరు కింద వినపడని కేక ఒకటి ఇప్పుడు వినిపిస్తుంది. బ్లాకౌట్‌లో వెలుగు కనిపిస్తే పెద్దవాళ్లు తంతారన్న భయంతో ఆ నలుగురే గట్టుమీదినుంచి అరిచారు. వాడు మాట విన్నాడు. లోపల ఉన్నది వాణ్ణి పట్టుకున్నది వెలుగు ఆర్పాకే.

ఇలా కోస్తే రెండో సినిమా మొదటిదానికి తోక కాదు, మొదటిదాన్ని మళ్లీ చూడాల్సిన పని పెడుతుంది. పిల్లల్ని ఒకేసారి చిత్రీకరించుకోవాలి, ఆ ఖర్చు ముందే పెట్టాలి. రెండో భాగానికి వాడాల్సిన కేకని మొదటి భాగం షూటింగులోనే తీసిపెట్టుకుని, ఎడిటింగ్‌లో హోరు కింద దాచాలి. సౌండ్ డిజైనర్‌కి కెమెరామన్‌తో సమానంగా పని ఉంటుంది. ఎనిమిది ఎపిసోడ్ల ఓటీటీ సిరీస్‌గా తీస్తే ఇంకా విడమరచి చెప్పొచ్చు, 1942 పేజీలు కూడా పడతాయి. అయితే ఇంట్లో ఎపిసోడ్ అయిపోగానే తర్వాతది దానంతటదే మొదలవుతుంది. ఆ కేక ఎవరిదో అరగంటలో తెలిసిపోతుంది. హాలు ఇచ్చే ఏడాది ఎదురుచూపుని ఇల్లు ఇవ్వలేదు. ఈ కథకి ఆ ఏడాది కావాలి.

మొదటి భాగం ఆఖరి సీను ఇలా ఉండొచ్చు. 2014 అక్టోబరు 12 రాత్రి. తుఫాను దాటిపోయింది, గాలి ఇంకా మూలుగుతోంది. వన్‌టౌన్‌లో పాత ఇల్లు, కొవ్వొత్తి అయిపోయింది. ఊళ్లో ఉండిపోయిన ఆమె గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. వీధిలో గెడ్డ హోరు. మనవడు సెల్‌ఫోన్ టార్చి వేసి కిటికీలోంచి బయటికి కొడతాడు. వెలుగు వెళ్లి పగిలిన పలక మీద పడుతుంది. ఆమె నోట్లోంచి పదేళ్ల పిల్ల గొంతులాంటి గొంతు వస్తుంది: “ఆర్పీరా!” కుర్రాడు బెదిరి ఆర్పేస్తాడు. తెర చీకటి. ఆ మాట తన నోట ఎందుకొచ్చిందో ఆమెకి తెలియదు, హాల్లో కూర్చున్నవాళ్లకీ ఇంకా తెలియదు.